ఎరుక ఒకరిది, ఏలుబడి మరొకరిది: చెన్నైలో వారసత్వ పరిరక్షణ

చెన్నైలో తెలుగువారి వారసత్వం అనగానే కొన్ని పేర్లు తడుముకోకుండా నోటికి వస్తాయి. వావిళ్లవారి ముద్రణాలయం, 1914లో బొంబాయి నుంచి తరలివచ్చిన ఆంధ్రపత్రిక, పొట్టి శ్రీరాములు నిరాహారదీక్షలో కన్నుమూసిన మైలాపూరు ఇల్లు, కోడంబాకం స్టూడియోలు, డిసెంబరు సభల్లో త్యాగరాజ కీర్తనలు. అన్నీ గర్వించదగ్గవే. అయితే ఇవన్నీ అచ్చుకో, వేదికకో, తెరకో ఎక్కినవి. అదే నగరంలో తెల్లవారకముందే వీధులు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికుల్లో తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడుకునే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ముత్తాతల కాలంలో ఆంధ్ర జిల్లాల నుంచి పని కోసం వచ్చినవారి సంతతి వారు. వాళ్ల జోలపాటలు, పెళ్లిపాటలు, చావు దగ్గర పెద్దవాళ్లు ఎత్తుకునే శోకాలు ఆ జాబితాలో కనిపించవు. వారసత్వాన్ని కాపాడాలని సభలు పెట్టేవారికి ఆ పాటలు కూడా వారసత్వమేనన్న ఆలోచన రాకపోవడం యాదృచ్ఛికం అనుకోలేం.

సజీవ సాంస్కృతిక వారసత్వం మీద యునెస్కో 2003లో చేసిన ఒప్పందంలో భారతదేశం 2005లో చేరింది. పరిరక్షణలో ఆయా సముదాయాలకే వీలైనంత విస్తృతమైన భాగస్వామ్యం ఉండాలని ఆ ఒప్పందం చెబుతుంది. కాగితం మీద దీనితో పేచీ ఎవరికీ లేదు. ఆచరణకు వచ్చేసరికే అసలు పరీక్ష. విద్య తెలిసినవారి పేరు నిలిచిందా? ఏది బయటపెట్టాలి, ఏది పెట్టకూడదు అన్న నిర్ణయంలో వాళ్ల మాట చెల్లిందా? వచ్చిన ఫలంలో వాళ్లకు వాటా అందిందా? ఈ ప్రశ్నలు వేసి చూడటానికి చెన్నైని మించిన చోటు దక్షిణాదిలో లేదు. రెండు శతాబ్దాల అనుభవం ఈ నగరంలో పోగుపడి ఉంది.

కొట్టూరుపురంలో అణ్ణా శతజయంతి గ్రంథాలయ భవనంలో ఉన్న ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం 1869లో ఏర్పడింది. కాలిన్ మెకంజీ, జాన్ లేడెన్, సి.పి. బ్రౌన్ సేకరణలు దానికి పునాది. తెలుగు పల్లెల చరిత్రకు ఆధారమైన కైఫీయతులు ఇక్కడివే. మెకంజీ సర్వేయరు, దక్షిణాది భాషలు ఆయనకు రావు. ఊళ్లు తిరిగి, కరణాల దగ్గర దండకవిలెలు, అంటే ఊరి పాత దస్తావేజులు చూసి, పెద్దల చేత చెప్పించి రాసుకొచ్చింది ఆయన దగ్గర పనిచేసిన స్థానికులు. వారిలో ముందువరుస ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులది. వాళ్లలో వెంకట బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే చనిపోయాడు. ఆయన పరిచయంతోనే భారతీయ విజ్ఞానపు వాకిలి తనకు తెరుచుకుందని మెకంజీ స్వయంగా రాశాడు. 1821లో మెకంజీ పోయాక ఈస్టిండియా కంపెనీ ఆయన భార్యకు లక్ష రూపాయలిచ్చి ఆ సేకరణ కొన్నది. బొర్రయ్య తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని తాను కొనసాగిస్తానని 1830ల్లో అర్జీ పెట్టుకున్నాడు. కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ తరఫున జేమ్స్ ప్రిన్సెప్ దాన్ని పరిశీలించాడు. ఇంతటి పనిని నడిపే దక్షత స్థానికుడికి ఉంటుందని చెప్పలేమన్నది వచ్చిన తీర్పు. పాతికేళ్లకు పైగా ఆ పని చేసినవాడికే ఆ పని రాదన్నారు.

కావలి సోదరులకు జరిగిన అన్యాయం చెప్పుకునేటప్పుడు ఇంకో మెట్టు కిందికి కూడా చూడాలి. కైఫీయతు చాలావరకు కరణం కలం నుంచి వచ్చిన చరిత్ర. గుడి ఎవరు కట్టించారు, చెరువుకు మాన్యం ఎవరిచ్చారు, ఏ పాలెగాడు ఎప్పుడు దండెత్తాడు అన్న సంగతులు అందులో వివరంగా ఉంటాయి. ఆ చెరువుకట్ట వేసిన వడ్డెరల మాట, మాలమాదిగ పల్లెల మాట, ఆడవాళ్ల మాట వినిపించడం అరుదు. కైఫీయతుల విలువ దీనివల్ల తగ్గదు. కానీ ఒక సముదాయం తరఫున ఎవరు మాట్లాడారో అడగకుండా రాసుకున్నది ఏదైనా ఆ సముదాయంలో పైచేయి ఉన్నవారి జ్ఞాపకంగానే మిగులుతుంది. నేటి సర్వేలకూ వీడియో రికార్డింగులకూ ఇది అచ్చంగా వర్తిస్తుంది.

సంగీత నాట్యాల కథ మరింత చిక్కుముడి. 17వ శతాబ్దపు క్షేత్రయ్య పదాలు, అంటే శృంగార గీతాలు, తెలుగు సాహిత్యంలో మణిపూసలు. వాటిని పాటగా, అభినయంగా ప్రాణంతో నిలిపింది ఎక్కువగా దేవదాసీ కుటుంబాల స్త్రీలు. తంజావూరు నుంచి మద్రాసు జార్జిటౌనుకు చేరిన వీణ ధనమ్మాళ్ ఇల్లు అందుకు పెట్టింది పేరు. 1867లో పుట్టి 1938లో పోయిన ఆమె, శుక్రవారం సాయంత్రాలు ఇంట్లో వీణ వాయిస్తుంటే వినడానికి నగరంలోని విద్వాంసులు వచ్చి కూర్చునేవారు. ఆమె మనవరాళ్లు టి. బృంద, టి. ముక్త, నర్తకి బాలసరస్వతి. ఇంటి భాష తమిళం, కాపాడిన సాహిత్యం తెలుగు.

వాళ్లు కాపాడింది సాహిత్యాన్ని మాత్రమే అనుకుంటే పొరపాటు. పదం పుస్తకంలో పల్లవితో మొదలవుతుంది. ఈ సంప్రదాయంలో చాలా పదాలను పల్లవి తరువాత వచ్చే అనుపల్లవితో ఎత్తుకుని, తరువాత పల్లవిలోకి దిగుతారు. చౌకకాలంలో, అంటే బాగా నిదానంగా, ఒక్కో అక్షరం మీద గమకం సాగుతుంది. ఆ నిదానంలోనే అభినయానికి చోటు దొరుకుతుంది. ఒకే మాటను నాయిక ఒకసారి నిష్ఠూరంగా, మరోసారి జాలిగా, ఇంకోసారి ఎత్తిపొడుపుగా పలుకుతుంది. స్వరలిపిలో రాసిపెడితే స్వరాలు మిగులుతాయి, ఈ పలుకుబడి మిగలదు. అది ఎదురుగా కూర్చుని నేర్చుకుంటేనే వస్తుంది. అందుకే పేరున్న గాయకులు కూడా పదాల కోసం బృంద దగ్గరికి వెళ్లి నేర్చుకున్నారు.

ఇక వాటా సంగతి. దేవదాసీ సమర్పణను నిషేధిస్తూ మద్రాసు రాష్ట్రం 1947లో చట్టం చేసింది. బాలికలను గుడికి అంకితం చేసే ఆచారం పోవలసిందే, ఆ విషయంలో వైద్యురాలు, సంఘసంస్కర్త ముత్తులక్ష్మీరెడ్డి పోరాటం న్యాయమైనది. అయితే ఆచారంతో పాటు ఆ స్త్రీల జీవనాధారం, కళాకారిణులుగా వాళ్లకున్న గౌరవం కూడా పోయాయి. నాట్యం భరతనాట్యమన్న కొత్త పేరుతో, కొత్త వేదికల మీద, వేరే కులాల ఇళ్లలోని ఆడపిల్లల విద్యగా వర్ధిల్లింది. బాలసరస్వతికి 1973లో, బృందకు 1976లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు దక్కింది. ఆ ఇద్దరి ప్రతిభకు తగిన గౌరవమే అది. అదే కళలో పుట్టి పెరిగిన వందలాది కుటుంబాలు మాత్రం కులం పేరు దాచుకుని, గజ్జెలు మూటకట్టి అటక మీద పెట్టేశాయి. కళ బతికింది, దాన్ని మోసుకొచ్చినవారు చెదిరిపోయారు. పరిరక్షణ విజయాలుగా చెప్పుకునే కథల్లో ఈ సగాన్ని వదిలేయడం అన్యాయం.

బెంగళూరు నాగరత్నమ్మ జీవితం దీనికి ఎదురు నిలిచిన సందర్భం. మైసూరు ప్రాంతంలో 1878లో పుట్టి మద్రాసులో స్థిరపడిన ఆ దేవదాసీ గాయని, 18వ శతాబ్దపు తంజావూరు కవయిత్రి ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనము’ చదవబోతే, అప్పటికి అచ్చయిన ప్రతిలో కొన్ని శృంగార పద్యాలూ, కవయిత్రి తన వంశం చెప్పుకున్న భాగమూ లేవు. పద్యాలు తీసేయడం ఒక ఎత్తు, రాసిన మనిషి ఎవరో తెలియకుండా చేయడం ఇంకో ఎత్తు. నాగరత్నమ్మ పూర్తి పాఠం సంపాదించి, పరిష్కరించి 1910లో వావిళ్లవారి చేత అచ్చు వేయించింది. అశ్లీలమంటూ 1911లో ప్రభుత్వం నిషేధించింది. నిషేధం 1947లో గానీ తొలగలేదు, అదీ ప్రకాశం పంతులు చొరవతో. తిరువయ్యారులో త్యాగరాజ సమాధికి గుడి కట్టించిందీ నాగరత్నమ్మే. ఆమె సొంత డబ్బుతో కట్టిన ఆ చోట జరిగే ఆరాధనలో ఆడవాళ్లకు పాడే వీలు లేకపోతే 1927లో స్త్రీల ఆరాధన విడిగా మొదలుపెట్టింది. ఆరాధన జరిపే వర్గాలన్నీ ఒక్కటై స్త్రీపురుషులు కలిసి పాడటానికి 1940 ప్రాంతం దాకా పట్టింది. ఇవాళ అక్కడ వేలమంది గొంతు కలిపే పంచరత్న కీర్తనల గోష్ఠి చూసేవారు ఆ పోరు కూడా త్యాగరాజ సంప్రదాయంలో భాగమేనని గుర్తించాలి.

కళలు వదిలి జీవనోపాధికి సంబంధించిన జ్ఞానం వైపు వెళితే, చెన్నైకి దక్షిణాన మహాబలిపురం దారిలో వడనెమ్మేలి దగ్గర ఒక మంచి నమూనా ఉంది. ఇరుళ గిరిజనులు తరతరాలుగా పాములు పట్టి చర్మాలు అమ్ముకుని బతికేవారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, ఆ వెనుకే చర్మాల ఎగుమతి నిషేధం రావడంతో ఒక్కసారిగా బతుకుదెరువు పోయింది. చట్టం పాములకు మేలు చేసింది, పాముల గురించి అందరికంటే ఎక్కువ తెలిసినవాళ్లను నేరస్థుల గుంపులో పడేసింది. 1978లో పాముల నిపుణుడు రోములస్ విటేకర్ తోడ్పాటుతో ఏర్పడిన ఇరుళ పాములవారి సహకార సంఘం ఆ విద్యకే కొత్త పని చూపించింది.

పని జరిగే తీరు చూస్తే ఆ విద్య లోతు తెలుస్తుంది. పొలం గట్టున బొరియ మూతి దగ్గర మట్టి నునుపుగా ఉందా గరుకుగా ఉందా, జాడ తాజాదా పాతదా, వదిలిన కుబుసం ఏ జాతిది, రెట్ట ఎప్పటిది అన్నవి చూసి లోపల ఉన్నది ఏ పామో చెప్పేస్తారు. అప్పుడే గడ్డపార దించుతారు. పట్టినవి నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. వాటిని ఇసుక పోసిన మట్టికుండల్లో, మూతికి గుడ్డ కట్టి ఉంచుతారు. మూడు నాలుగు వారాలు ఉంచుకుని, వారానికోసారి చొప్పున విషం తీస్తారు. మళ్లీ అదే పామును వెంటనే పట్టకుండా పొట్ట పొలుసు మీద గుర్తు పెట్టి వదిలేస్తారు. పొడిగా మార్చిన విషం మందుల కంపెనీలకు వెళుతుంది. దాన్ని కొద్దికొద్ది మోతాదుల్లో గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంలో పుట్టే ప్రతిరక్షకాల నుంచి పాముకాటు మందు తయారవుతుంది. 2000 నుంచి 2019 వరకు దేశంలో ఏటా సగటున 58 వేల మంది పాముకాటుతో చనిపోయారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా. ఆ మరణాలను ఆపే మందుకు కావలసిన విషంలో అధిక భాగం ఈ కుండల నుంచే వెళుతోంది.

2023లో ఇరుళ పాములవారు వడివేల్ గోపాల్, మాసి సడైయన్‌లకు పద్మశ్రీ వచ్చింది. అంతకుముందు 2017లో అమెరికాలోని ఫ్లోరిడాలో కొండచిలువల బెడద తగ్గించడానికి వాళ్లిద్దరినీ పిలిపించుకున్నారు. ఇక్కడ పేరు నిలిచింది, కూలి దక్కింది. నిర్ణయంలో మాట మాత్రం ఇంకా పూర్తిగా దక్కలేదు. ఏటా ఎన్ని పాములు పట్టాలో అటవీశాఖ అనుమతి చెబుతుంది, ఆ కాగితం ఆలస్యమైతే సభ్యుల పొయ్యి ఆరిపోతుంది. అయినా సరే, దేశంలోని సంప్రదాయ జ్ఞాన పథకాల్లో దీనంత గట్టిది అరుదు. కారణం తేలికగానే కనబడుతుంది. విద్యను రాసుకుని పట్టుకుపోకుండా, విద్య తెలిసినవాళ్లనే సంఘానికి యజమానులను చేశారు.

తెలుగు నేలకు ఇది నేరుగా సంబంధించిన సంగతి. రక్తపింజరి విషం ప్రాంతాన్ని బట్టి మారుతుందని, ఒక ప్రాంతపు విషంతో చేసిన మందు మరోచోట అంత బాగా పనిచేయకపోవచ్చని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. వరిపొలాల్లో ఎలుకలు పట్టే యానాదులు నెల్లూరు నుంచి కృష్ణా డెల్టా దాకా ఉన్నారు. బొరియ చదవడం వాళ్లకూ తెలిసిన విద్యే. వాళ్లతో అలాంటి సంఘం ఎందుకు ఏర్పడకూడదు అన్న ప్రశ్నను ఆంధ్ర ప్రభుత్వం ముందు గట్టిగా పెట్టాలి.

చట్టాల సంగతికి వస్తే, సంప్రదాయ జ్ఞానానికి సంబంధించిన రెండు ముఖ్య కార్యాలయాలు చెన్నైలోనే ఉన్నాయి. 2002 జీవవైవిధ్య చట్టం కింద ఏర్పడిన జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ ఒకటి, ఒక ప్రాంతానికే పేరు తెచ్చిన సరుకులను నమోదు చేసే, గిండీలోని భౌగోళిక గుర్తింపుల (జీఐ) రిజిస్ట్రీ రెండోది. పోచంపల్లి ఇక్కత్, శ్రీకాళహస్తి కలంకారీ వంటివి రెండోచోటే నమోదయ్యాయి. నమోదు ఏదో సంఘం పేరునో సంస్థ పేరునో ఉంటుంది. ఆ పేరు వాడుకోవడానికి ఒక్కో కళాకారుడు అధీకృత వాడకందారుగా విడిగా నమోదు కావాలి. ఈ రెండో మెట్టు గురించి కళాకారులకు చెప్పేవారు తక్కువ.

గాయాలు మాన్పడానికి పసుపు వాడకంపై అమెరికా ఇచ్చిన పేటెంటును 1997లో రద్దు చేయించాక, ఇలాంటివి మళ్లీ జరగకుండా 2001లో సంప్రదాయ జ్ఞాన డిజిటల్ గ్రంథాలయం మొదలైంది. ప్రధానంగా సంస్కృతం, అరబీ, పారశీకం, ఉర్దూ, తమిళ వైద్యగ్రంథాల నుంచి మందుల యోగాలు తీసి అందులో చేర్చారు. మంచి పనే. కానీ గ్రంథానికెక్కని ఎరుకకు ఆ రక్షణ అందదు. మంత్రసాని చేతికి తెలిసినది, ఎముకలు కట్టేవారి పట్టు, యానాదుల మూలికల గుర్తులు దాని బయటే ఉండిపోతాయి. జీవవైవిధ్య చట్టానికి 2023లో జరిగిన సవరణ, లిఖిత సంప్రదాయ జ్ఞానాన్ని వాడుకునేవారికీ ఆయుష్ వైద్యులకూ సముదాయాలతో లాభాలు పంచుకునే బాధ్యత నుంచి మినహాయింపులు ఇచ్చింది. రాసి ఉన్నదానికి, నోటిలో ఉన్నదానికి మధ్య గీత గీయడం చట్టానికి సులువు. పల్లెల్లో ఆ రెండూ కలిసే ఉంటాయి. నోటి జ్ఞానాన్ని నమోదు చేయడానికి ఉద్దేశించిన ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు గడువుల ఒత్తిడితో హడావిడిగా నింపిన కాగితాలైపోతే ఆ మేరకు పల్లెకే నష్టం.

సముదాయానికి అప్పగిస్తే చాలు, అంతా చక్కబడుతుందని అనుకోవడానికీ వీల్లేదు. చెన్నైకి ఉత్తరాన పులికాట్ సరస్సు తమిళనాడు, ఆంధ్ర రెండింటిలో పరచుకుని ఉంది. అక్కడి పట్టినవర్ కులపు మత్స్యకారులది ‘పాడు’ అనే వంతుల పద్ధతి. రొయ్యలు దొరికే తావులకు చీట్లు వేసి, వంతులవారీగా ఎవరు ఎక్కడ వల కట్టాలో నిర్ణయించుకుంటారు. మంచి తావు ఒక్కడి సొత్తు కాదు, పోట్లాటలు తగ్గుతాయి, సరస్సు మీద ఒత్తిడీ అదుపులో ఉంటుంది. ఏ ప్రభుత్వ ఉత్తర్వూ లేకుండా తరాలుగా నడిచిన ఇంత తెలివైన ఏర్పాటును మెచ్చుకోని పరిశోధకులు లేరు. కానీ ఆ చీటీలో పేరు ఉండాలంటే ఆ కులంలో పుట్టిన మగవాడై ఉండాలి. అదే సరస్సులో చేతులతో రొయ్యలు ఏరుకునే ఇరుళ, యానాది స్త్రీలకు, తరువాత చేపల వేటకు దిగిన దళితులకు అందులో చోటు లేదు. ‘పాడు’ పద్ధతిని కాపాడాలంటే ఈ చేర్పు గురించి మత్స్యకార పెద్దలతోనే మాట్లాడాలి. సంప్రదాయం పేరు చెప్పి ఆ ప్రశ్న దాటవేస్తే, కాపాడేది పద్ధతినా పెత్తనాన్నా అన్నది తేలదు.

చెన్నై 2017లో యునెస్కో సృజనాత్మక నగరాల్లో సంగీతం విభాగంలో చేరింది. అంతకు రెండేళ్ల ముందే చెన్నై సముద్రతీరంలోని ఊరూరు ఆల్కాట్ కుప్పంలో మొదలైన పండుగ కర్ణాటక సంగీతాన్ని మత్స్యకారుల వాడకు తెచ్చి, పరై డప్పుకూ, కూత్తు అనే వీధినాటకానికీ అదే వేదిక మీద సమాన స్థానం ఇచ్చింది. వేదిక పంచుకోవడం మంచి ఆరంభమే, నేర్చుకునే ఏర్పాటు దాని వెనుక రావాలి.

2011 జనగణన ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పినవారు సుమారు 42 లక్షలు. మొదట్లో చెప్పిన కార్మిక కుటుంబాల పాటలను సేకరించాలనుకునే తెలుగు సంఘాలు కొన్ని సంగతులు ముందే తేల్చుకోవాలి. చావు పాటను చావు లేని ఇంట్లో పాడటం చాలాచోట్ల అశుభం. మైకు పెట్టి పాడమనడం మర్యాద కాదు, ఎప్పుడు ఎక్కడ పాడవచ్చో పాడే ఆమే చెప్పాలి. ఇంటర్నెట్‌లో పెట్టాలా, ఇంటివాళ్ల దగ్గరే ఉంచాలా అన్నదీ ఆమె ఇష్టమే, తరువాత మనసు మార్చుకుంటే తీసేయాలి. పేరు వేయమంటే వేయాలి, వద్దంటే మానాలి. 1994 సవరణ తరువాత మన కాపీరైటు చట్టం పాడినవారికీ హక్కు ఇస్తోంది, ఆ సంగతి సంతకం పెట్టించుకునే ముందే చెప్పాలి. సభలో గాయకుడికి పారితోషికం ఇచ్చేవారు ఇక్కడ శాలువాతో సరిపెట్టకూడదు. ఆ రోజు కూలి పోగొట్టుకుని పాడుతున్న మనిషికి శాలువా ఏ అవసరమూ తీర్చదు.

ఇంకో చిక్కు లిపి. ఆ ఇళ్లలో పిల్లలు చదివేది తమిళం. తెలుగు వినగలరు, మాట్లాడగలరు, చదవలేరు. పాటలను తెలుగు లిపిలో అచ్చు వేస్తే అవి హైదరాబాదు పాఠకుడికి చేరతాయి, పాడిన ఆమె మనవరాలికి చేరవు. దీనికి పరిష్కారం చెన్నై సంగీత పుస్తకాల్లో ఎప్పటినుంచో ఉంది. త్యాగరాజ కీర్తనలను తమిళ లిపిలో అచ్చు వేసేటప్పుడు క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం ఉన్నందున దాని పక్కన 2, 3, 4 అంకెలు చిన్నగా వేసి తేడా చూపిస్తారు. తెలుగు చదవడం రాని వేలమంది విద్యార్థులు ఆ అంకెల సాయంతోనే తెలుగు సాహిత్యాన్ని స్పష్టంగా పలుకుతున్నారు. సభా సంగీతం కోసం పుట్టిన ఆ పద్ధతిలోనే పెళ్లిపాటలూ జోలపాటలూ అచ్చు వేసి, పక్కన తెలుగు లిపి కూడా ఇచ్చి, పాడిన గొంతు రికార్డింగును ఫోనులో వినగలిగేలా జత చేయవచ్చు. మొదటి ప్రతులు ఆ వాడల్లోని బడులకు, ఇళ్లకు వెళ్లాలి. గ్రంథాలయాల వంతు ఆ తరువాత.